లోపల ఏమీ లేని గుల్ల

హెచ్‌పీవీ టీకా సీసాలో ఉన్నదాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే గుండ్రటి గుల్లలు కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు 55 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో అలాంటివి వెయ్యికి పైగా వరసగా పడతాయి. ఒంటినిండా బొడిపెలే. పక్కన అసలు హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. తేడా లోపలుంది. వైరస్ కడుపులో సుమారు 8 వేల బేస్ జతల డీఎన్‌ఏ చుట్ట ఉంటుంది, అందులో ఎనిమిది జన్యువులు. గుల్లలో ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే ఈ టీకాలో అన్నిటికన్నా గొప్ప పని అని నాకనిపిస్తుంది. కలపడం వచ్చిన పనివాళ్లు చాలామంది ఉంటారు. ఏది తీసేయాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు తక్కువ. హెచ్‌పీవీ టీకా కథంతా తీసివేతలే. మొదట జన్యువులు తీసేశారు. తర్వాత పైపొరలోని రెండు ప్రొటీన్లలో ఒకటి తీసేశారు. చివరికి మూడు డోసుల్లో రెండు తీసేశారు. ఈ చివరి తీసివేత మాత్రం ఎవరూ కోరి చేసింది కాదు. దానికి మన తెలుగు నేలతో సంబంధముంది. చేదు సంబంధమే.

రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోని ఆర్.కె.పేట వైపు తల్లులు. 1960 ఏప్రిల్ 1న, ఆ ఊరున్న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. తెలుగు మాత్రం ఇళ్లల్లోనే ఉండిపోయింది. ఆసుపత్రి చీటీ తమిళంలో ఉంటుంది, టీకా పెట్టె మీది రాత ఇంగ్లిషులో ఉంటుంది, అనుమానాలు తెలుగులో వస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా ఇస్తామని చెప్పి 36 కోట్ల రూపాయలు కేటాయించింది. కాబట్టి ఆ అనుమానాలకు జవాబు తెలుగులోనే ఉండటం అవసరం.

ముందు ఆ వైరస్ సంగతి. హెచ్‌పీవీలో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చాలావాటితో మనకు పేచీ లేదు. కొన్ని చేతుల మీద పులిపిర్లు తెస్తాయి, 6, 11 రకాలు మర్మావయవాల దగ్గర తెస్తాయి. భయపడాల్సినవి పన్నెండు, పధ్నాలుగు రకాలు. వాటిలో 16, 18 అనే రెండే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. లైంగిక జీవితం మొదలైన ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. జ్వరం రాదు, నొప్పి ఉండదు, సోకినట్టే తెలియదు. పదింట తొమ్మిదిసార్లు రెండేళ్లలోపు శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. అందుకే పరీక్షలో హెచ్‌పీవీ కనబడితే అది నడవడికకు మచ్చా కాదు, క్యాన్సర్ వచ్చేసిందనీ కాదు.

మిగిలిన ఆ కొద్దిమందిలో వైరస్ తిష్ఠ వేస్తుంది. దాని జన్యువుల్లో ఈ6, ఈ7 అనేవి రెండున్నాయి. మన కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పి53 అనే ప్రొటీన్‌ను ఈ6 నాశనం చేయిస్తుంది, ఆర్‌బీ అనే ఇంకో కాపలా ప్రొటీన్‌ను ఈ7 పట్టి పనిచేయనివ్వదు. అక్కడి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు కొత్తగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. గొంతు, మలద్వారం, పురుషాంగ క్యాన్సర్లలోనూ కొన్నింటికి ఈ వైరసే కారణం కనుక ఇది ఆడవాళ్ల గొడవ అని మగవాళ్లు పక్కకు తప్పుకోవడానికి లేదు.

జర్మనీలో హెరాల్డ్ జుర్ హాసెన్ బృందం 1983లో 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని ఈ క్యాన్సర్ కణితుల్లోంచి బయటికి తీసింది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. శత్రువెవరో తెలిసింది సరే, టీకా ఎలా? పాత దారులు రెండే. వైరస్‌ను చంపి ఎక్కించాలి, లేదా నీరసపరిచి ఎక్కించాలి. దేనికైనా ముందు దాన్ని గాజుపాత్రలో కుప్పలుగా పెంచాలి. హెచ్‌పీవీ అలా పెరగదు. చర్మం అడుగు పొర నుంచి పై పొర దాకా ఎదిగే క్రమంతో తన ఎదుగుదలను ముడివేసుకున్న వైరస్ అది. ఒకవేళ పెంచగలిగినా, క్యాన్సర్ జన్యువులు మోసే దాన్ని నిక్షేపంగా ఉన్న ఆడపిల్లల ఒంట్లోకి ఎక్కించమని ఏ వైద్యుడు చెప్పగలడు?

ఈ చిక్కును విప్పడం మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో. స్కాట్లండు వాడైన ఇయాన్ ఫ్రేజర్, చైనా నుంచి వచ్చిన జియాన్ జౌ 1989లో కేంబ్రిడ్జిలో కలిశారు. తర్వాత ఇద్దరూ బ్రిస్బేన్‌లో పనిచేశారు. జౌ భార్య జియావో-యి సున్ కూడా ఆ ప్రయోగశాలలోనే చేయి కలిపారు. వైరస్ పైపొరలో ఉండే ఎల్1, ఎల్2 ప్రొటీన్ల జన్యువులను మాత్రమే వేరే కణాల్లోకి పంపితే, ఆ ప్రొటీన్లు తమంతట తామే కూడుకుని వైరస్ రూపం కట్టాయి. 1991లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. జౌ 1999లో, 42 ఏళ్లకే చనిపోయారు. 2006లో అమెరికాలో మొదటి టీకా గార్డసిల్ అనుమతి పొందేనాటికి ఆయన లేరు.

బ్రిస్బేన్ గుల్లలు దారి చూపాయి కానీ అవి కొద్దిగానే తయారయ్యేవి, కట్టుబడి సరిగా కుదిరేది కాదు. ఎందుకన్నది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో డగ్లస్ లోవీ, జాన్ షిల్లర్, రైన్‌హార్డ్ కిర్న్‌బావర్ బయటపెట్టారు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ముందు వాళ్లు పశువులకు వచ్చే పాపిలోమా వైరస్ ఎల్1 తీసుకున్నారు. ఎల్2 అవసరం లేకుండానే ఒక్క ఎల్1తో చక్కని గుల్లలు కుప్పలుగా వచ్చాయి. మనుషుల 16వ రకంతో అదే పని చేస్తే మొరాయించింది. ప్రపంచమంతా వాడుతున్న 16వ రకం నమూనా ఎక్కడిదని ఆరా తీశారు. అది క్యాన్సర్ కణితిలోంచి తీసింది. క్యాన్సర్‌గా మారిన కణంలో వైరస్ కొత్త వైరస్‌లను కట్టదు, దాని జన్యువులు చాలాసార్లు మన క్రోమోజోముల్లో ఇరుక్కుని ఉండిపోతాయి. గుల్ల కట్టే పనే లేని చోట గుల్ల జన్యువు పాడైనా దానికి లోటు లేదు. ఆ అనుమానంతో, క్యాన్సర్ కాని పుండ్లలోంచి తీసిన 16వ రకాన్ని తెచ్చి చూశారు. గుల్లలు విరివిగా కట్టాయి. రెండింటినీ పోల్చి చూస్తే, ఐదొందలకు పైగా అమైనో ఆమ్లాలున్న గొలుసులో 202వ చోట ఆస్పార్టేట్ ఉండాల్సింది, పాత నమూనాలో హిస్టిడిన్ ఉంది. ఒక్క అక్షరం తప్పు. యంత్రాన్ని తిట్టకుండా ముడిసరుకు ఎక్కడిదని అడగడం మంచి పనివాడి లక్షణం.

ఇక గుల్ల కట్టుబడి. ఐదు ఎల్1 అణువులు కలిస్తే ఒక బొడిపె. డెబ్బై రెండు బొడిపెలు కలిస్తే ఒక గుల్ల. అంటే 360 అణువులు, అన్నీ ఒకే అచ్చు. వాటిని పట్టి ఉంచేదేమిటి? ఆర్.కె.పేట, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వైపు మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. పోగు పక్క పోగు మీదుగా వెళ్లి, కిందుగా దూరి, మళ్లీ తన వైపు తిరిగొస్తేనే గుడ్డకు బిగువు. ప్రతి ఎల్1 అణువు కూడా తన తోకభాగాన్ని పక్క బొడిపెలోకి చాచి, అక్కడి అణువుల మధ్య నుంచి దూర్చి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. ఒకదాని 175వ చోట, పక్కదాని 428వ చోట ఉన్న రెండు సిస్టైన్ల మధ్య గంధకపు బంధం పడి ఆ అల్లిక బిగుసుకుంటుంది.

ఈ బిగువును కర్మాగారం వాళ్లు తెలివిగా వాడుకున్నారు. గార్డసిల్ తయారీలో ఎల్1 జన్యువును రొట్టె పులియబెట్టే ఈస్ట్‌లోకి ఎక్కిస్తారు. అందులో గుల్లలు తయారవుతాయి గానీ కొన్ని వంకర, కొన్ని అరకొర. అందుకని గంధకపు బంధాలు తెంచే రసాయనం వేసి గుల్లలన్నిటినీ బొడిపెలుగా విడదీస్తారు, ఆ రసాయనాన్ని తొలగించి మళ్లీ కట్టుకోనిస్తారు. రెండోసారి కట్టినవి తీరుగా, గట్టిగా వస్తాయి. తయారైనదాన్ని ఊడదీసి మళ్లీ పేర్చే ఓపిక మందుల కంపెనీకి ఉందంటే ఆశ్చర్యమే. మన దేశంలో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో తయారుచేసిన సెర్వావాక్‌కు హాన్సెనులా అనే మరో రకం ఈస్ట్‌ను వాడారు. 2022లో అనుమతి వచ్చింది. 6, 11, 16, 18 రకాల గుల్లలు నాలుగూ అందులో ఉంటాయి. బజారులోకి వచ్చినప్పుడు ధర సుమారు 2 వేల రూపాయలు. నేతపని మీద బతికే ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే అది చిన్న మొత్తం కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం అందుకే ముఖ్యం.

గుల్లలను అల్యూమినియం లవణానికి అంటించి అర మిల్లీలీటరు సూదిగా ఇస్తారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గడ్డకడితే అల్యూమినియం రేణువులు ముద్దలైపోతాయి. అనుమానం వచ్చిన సీసాను నర్సు ఊపి పక్కన పెట్టి, మడ్డి ఎంత వేగంగా కిందికి దిగుతోందో, కావాలని గడ్డకట్టించిన మరో సీసాతో పోల్చి చూస్తుంది. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, రెండు కళ్లు చాలు. టీకా పనితనం పుణెలో అయిపోలేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ తలుపు తీసే చేతిలోనూ ఉంది.

సూది వేయించే ముందు తల్లి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇంకా పెద్దమనిషి కూడా కాలేదు, అప్పుడే గర్భసంచికి సూదేంది నర్సమ్మా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు వైరస్ నడకలో ఉంది. హెచ్‌పీవీ సన్నని గీరు ద్వారా లోపలికొచ్చి ముందు చర్మం అడుగునున్న పొరకు అంటుకుంటుంది. అక్కడ దాని ఆకారం కొంత మారాలి, ఆ తర్వాతే కణంలోకి దిగుతుంది. దానికి గంటలు గంటలు పడుతుంది. వైరస్‌లలో ఇంత నిదానం అరుదు. టీకా వేసుకున్న ఒంట్లో అయితే ఆ గీరులోంచి ఊరే ద్రవంలోనే ప్రతిరక్షకాలు వచ్చి దాన్ని చుట్టుముడతాయి. కణంలోకి దిగాక మాత్రం ఆ ప్రతిరక్షకాలకు పని లేదు. కాబట్టి వైరస్‌తో పరిచయం కాకముందే టీకా పడాలి. పైగా 9 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రతిరక్షకాలు పెద్దవాళ్లకన్నా మెండుగా తయారవుతాయి. పెళ్లికీ ఈ సూదికీ ఉన్న సంబంధం అంతే. పిల్లలు పుట్టరన్న పుకారుకు ఆధారం లేదు. జన్యువులే లేని గుల్ల వల్ల హెచ్‌పీవీ సోకడమూ జరగదు. చెయ్యి నొప్పి పుడుతుంది, కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది, ఈ వయసు పిల్లలు సూదికి కళ్లు తిరిగి పడిపోవడం మామూలే కనుక కాసేపు కూర్చోబెట్టి పంపుతారు.

కట్టడం ఒక పనైతే, పనిచేస్తోందా అని నిక్కచ్చిగా చూడటం ఇంకో పని. ఇందులో తిరువళ్లూరు నేలకు పాత అనుభవం ఉంది. అది చెంగల్పట్టు జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, 1968లో అక్కడి గ్రామాల్లో క్షయ టీకా బీసీజీ మీద ప్రపంచంలోనే అతి పెద్ద ప్రయోగం మొదలైంది. సుమారు 2 లక్షల 80 వేల మందికి బీసీజీయో, దాని పేరుతో ఉత్త సూదియో వేసి 15 ఏళ్లు వెంట నడిచారు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని తేలింది. అందరూ కోరుకున్న ఫలితం కాదది. అయినా దాచలేదు. ఆ నిజాయితీ ఉన్నచోటే ఒక టీకా పనిచేస్తుందన్న మాటకు విలువ.

హెచ్‌పీవీ టీకా విషయంలో అలాంటి లెక్క మన దేశంలో 2009లో మొదలైంది. ఒకే ఏడాది రెండు వేర్వేరు పనులు జరిగాయి, జనం వాటిని కలిపేసి గుర్తుపెట్టుకున్నారు. ఒకటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి గార్డసిల్ వేసిన కార్యక్రమం. చాలామంది భద్రాచలం వైపు గిరిజన పిల్లలు, ఆశ్రమ వసతిగృహాల్లో ఉన్నవాళ్లు. ఖమ్మంలో ఐదుగురు, అదే కార్యక్రమం జరిగిన గుజరాత్‌లో ఇద్దరు బాలికలు చనిపోయారు. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా లాంటివి కారణాలనీ టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణ కమిటీ చెప్పింది. కానీ అదే విచారణలో ఇంకోటి తేలింది. పరిశీలించిన దాదాపు తొమ్మిదిన్నర వేల అంగీకార పత్రాల్లో రెండున్నర వేలకు పైగా వసతిగృహ వార్డెన్లు సంతకం చేసినవి. తల్లిదండ్రులను అడగలేదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాత్‌నూ పరిశోధన మండలినీ ఘాటుగా తప్పుపట్టింది. 202వ అక్షరం దాకా వెళ్లి వెతికిన శాస్త్రం, కన్నతల్లి వేలిముద్ర దాకా వెళ్లలేకపోయింది. ఆ లోపాన్ని చిన్న కాగితపు పొరపాటుగా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇవాళ ఆర్.కె.పేటలో ఒక తల్లి సందేహిస్తే, ఆ సందేహానికి ఖమ్మంలో వేరుంది.

రెండోది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తరఫున రంగస్వామి శంకరనారాయణన్, ఆ తర్వాత పార్థ బసు నడిపిన అధ్యయనం. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, దిండిగల్ దగ్గరి అంబిలిక్కై ఆరోగ్య కేంద్రం సహా తొమ్మిది చోట్ల 10 నుంచి 18 ఏళ్ల పెళ్లికాని బాలికలు 20 వేల మందిని రెండు డోసులు, మూడు డోసుల గుంపులుగా విడగొట్టి పోల్చాలని ప్రణాళిక. ఖమ్మం దుమారంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశంలోని హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నిటిలో సూదులు ఆపేయించింది. అప్పటికి దాదాపు 17,700 మందికి టీకా మొదలైంది. వాళ్లలో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది.

ప్రయోగం చెడిపోయిందని ఫైళ్లు కట్టేయవచ్చు. వాళ్లు కట్టేయలేదు. ఒక్క డోసు పడిన ఆ పిల్లలను విడిచిపెట్టకుండా పదేళ్లు వెంట ఉన్నారు. ఇక్కడ పద్ధతి చూడండి. పెళ్లికాని పిల్లకు లోపలి పరీక్ష చేయడం మన ఇళ్లల్లో కుదరని పని. అందుకని పెళ్లయిన 18 నెలలకో, మొదటి కాన్పయిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మొదటి నమూనా తీసుకోవాలని పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏటా ఒకటి. పుట్టింటి చిరునామాతో మొదలైన పిల్లను అత్తింటి ఊళ్లో వెతికి పట్టుకుంటూ పోవడం, అదీ వేల మందిని! ఆరోగ్య కార్యకర్తల ఆ నడకకు ఏ పత్రికలోనూ పటం ఉండదు. 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ఫలితం వచ్చింది. 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు 95.4 శాతం కాపాడింది. రెండు, మూడు డోసుల వాళ్లలో 93 శాతం చొప్పున. తేడా లేనట్టే.

ఇందులో ఒక బలహీనత ఉంది. ఒక్క డోసు గుంపు చీటీ తీసి ఏర్పరిచింది కాదు, పరిస్థితి వల్ల ఏర్పడింది. టీకా పడని స్త్రీలను పోలిక కోసం తర్వాత చేర్చుకున్నారు. అయితే కెన్యాలో చీటీ పద్ధతిన జరిగిన ప్రయోగం కూడా ఒక్క డోసుకు 97 శాతం పైగా రక్షణ చూపింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు కూడా చాలునని చెప్పింది.

ఒక్క డోసు అన్నేళ్లు ఎలా నిలుస్తుంది? షిల్లర్, లోవీల వివరణ మళ్లీ గుల్ల దగ్గరికే తీసుకెళ్తుంది. ఒకే ఆకారం, ఒకే ఎడంతో, వరసగా 360 సార్లు. మన సొంత ప్రొటీన్లలో ఇంత దగ్గరగా ఇంత క్రమంగా పేర్చి ఉన్నవి దాదాపు ఉండవు, వైరస్‌ల లాంటి సూక్ష్మజీవుల ఒంటి మీదే ఉంటాయి. అందుకే రోగనిరోధక కణాలు ఆ వరసను చూడగానే గట్టిగా స్పందిస్తాయి. ఎముక మజ్జలో ఏళ్ల తరబడి బతికి ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలు పుడతాయి. అల్లిక తీరుగా ఉండటం అందానికి కాదన్నమాట. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు టీకా పడినవాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో తేలింది.

తీసివేతకు ఒక ఖరీదు కూడా ఉంది. ఈ6, ఈ7లను తీసేసిన గుల్ల, ఆ రెండూ ఇప్పటికే పనిచేస్తున్న కణాన్ని గుర్తుపట్టేలా ఒంటికి నేర్పలేదు. అంటే ఇప్పటికే సోకిన వైరస్‌ను ఈ టీకా వదిలించదు. కూతురికి సూది వేయించడానికి వెంటబెట్టుకొచ్చిన నలభై ఏళ్ల తల్లికి కావాల్సింది వేరే పని. పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూసే పరీక్ష అది. దిండిగల్ జిల్లాలో 2000లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన నర్సులతో 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలకు ఒక్కసారి ఆ పరీక్ష చేయించి, తెల్లమచ్చ కనబడినవాళ్లకు చికిత్స చేస్తే, ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. మన జాతీయ మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి ఆ పరీక్ష చేయమంటాయి. చేసేది అదే నర్సు, కొన్ని నిమిషాల పని. టీకా పడిన కూతురు కూడా ముప్పై దాటాక ఆ బల్ల ఎక్కాల్సిందే, ఎందుకంటే సీసాలో ఉన్నవి నాలుగు రకాల గుల్లలే.